చేట చెరిగిన పీతల లెక్క

నమోదు 2117. సోమవారం.

పొద్దున లేవగానే పైకప్పు ఎక్కి సౌరఫలకాల మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. నిన్న తుడిచిందే. సముద్రానికి నా మీద ఏదో పాత కక్ష ఉంది. కింది రెండు అంతస్తులూ దానికిచ్చేసి మూడో అంతస్తులో సర్దుకున్నా సరిపోలేదు, ఇంకా పైకి ఉప్పు విసురుతూనే ఉంటుంది.

కిందికి వచ్చి కెటిల్ పెట్టి, చేటను లేపాను. దాని అసలు పేరు తీరప్రాంత ముందుప్రతుల నాణ్యతా పరీక్షా యంత్రం. అంత పేరూ పలికేలోగా టీ చల్లారిపోతుంది. జనం రాసి పంపే పరిశోధన కాగితాల్ని, అచ్చులోకి వెళ్లకముందే పట్టుకుని తాలూ గింజా వేరు చేస్తుంది కాబట్టి ఈ తీరంలో అందరూ చేట అనే అంటారు. అది చెరుగుతుంది, నేను చూసి సంతకం పెడతాను. యంత్రం ముద్ర ఒక్కటే ఉంటే చెల్లదు, మనిషి సంతకం ఒక్కటే ఉన్నా చెల్లదు. ఇద్దరం కలిస్తేనే ఒక మాట. పెళ్లయినవాళ్లకి ఈ ఏర్పాటు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈరోజు పదకొండు కాగితాలు వచ్చాయి. ఉప్పునేల వరి మీద రెండు. పడవ ఉయ్యాలలో పెరిగే పసిపిల్లల బరువు మీద ఒక నర్సమ్మ రాసింది ఒకటి, చాలా బాగుంది. ఒక పెద్దమనిషి తాను కనిపెట్టిన దోమల మందు గురించి నలభై పేజీలు రాసి, చివర తాను చదివిన పుస్తకాలంటూ అరవై పేర్లు ఇచ్చాడు. వాటిలో ఇరవై రెండు లోకంలో లేనే లేవని చేట తేల్చింది.

"లేని పుస్తకాలను కూడా చదివినందుకు ఆయన్ని అభినందించాలా, భానుమూర్తి గారూ?" అంది. ఈ వెటకారం నా దగ్గర నేర్చుకున్నదే. ఆరేళ్లుగా ఎదురెదురుగా కూర్చుంటున్నాం మరి. ఆయనకి పసుపు వేసి, సరిచేసి పంపమన్నాం.

ఎర్ర పడింది ఒక్కదానికే. మడ అడవిలోని మొగదిబ్బ నుంచి సంగాని నూకరత్నం అనే ఆవిడ రాసింది. 'గేటు మూసినప్పటి నుంచి మా కాలువలో పీతలు తగ్గిన సంగతి' అని పేరు పెట్టింది. ఎర్ర ఖాయమైతే ఆ కాగితం పోవడమే కాదు, రాసిన మనిషి ఐదేళ్లపాటు ఇంకో కాగితం పంపకూడదు. అందుకే నా సంతకానికి పది రోజులు గడువు ఇస్తారు.

కాగితాలు పదకొండు. పచ్చ ఏడు, పసుపు మూడు, ఎర్ర ఒకటి. కరెంటు రేషను కాబట్టి టీలు కూడా రాయమన్నారు. టీలు మూడు. కెటిల్ తన మీటరు చూపించి నాలుగంటోంది. కెటిల్‌కి లెక్కలు రావు.

నమోదు 2118. మంగళవారం.

నూకరత్నం కాగితాన్ని చేట చదివి వినిపిస్తే నేను ఉప్మా తింటూ విన్నాను. రాత తిన్నగా ఉంది. హంగులు లేవు. మొగదిబ్బ అంటే మడ చెట్ల నడుమ కర్రల మీద నిలబెట్టిన నలభై ఇళ్లు. పోటునీళ్లు అవతలి పొలాల్లోకి పోకుండా వాళ్ల కాలువ సముద్రంలో కలిసే మొగలో నీటి సభ మూడేళ్ల కిందట గేటు కట్టింది. అప్పటి నుంచి ప్రతి మంగళవారం, ప్రతి శనివారం ఆవిడ బోను ఎత్తి పీతల్ని లెక్కపెట్టింది. మొత్తం మూడు వందల పన్నెండు లెక్కలు. మధ్యలో గేటు పాడై ఐదు నెలలు తెరుచుకునే ఉండిపోయిందట. ఆ ఐదు నెలల్లో పీతలు మూడింతలయ్యాయి. బాగుచేశాక మళ్లీ పడిపోయాయి. పీతలు బొరియలు తవ్వకపోతే బురదకి గాలాడదు, గాలాడకపోతే మడ చస్తుంది, మడ పోతే తుఫానుకి అడ్డంగా మిగిలేది మా నలభై ఇళ్లే అని రాసింది. ఆవిడ అడిగేది ఒక్కటే. రోజుకి రెండు గంటలు గేటు ఎత్తండి.

వచ్చే వారం గురువారం నీటి సభ కూర్చుంటోంది. ఆ గేటుని రాయి పేర్చి శాశ్వతంగా మూసేయాలా వద్దా అని తేల్చడానికే. పచ్చ ముద్ర ఉన్న కాగితాలే సభలోకి వెళ్తాయి.

"ఇంతకీ ఇందులో తప్పేమిటి?" అని చేటను అడిగాను.

"ఇందులో రెండు లెక్కలున్నాయి. ఒకటి ఆవిడ చేత్తో రాసింది. రెండోది బోను మీద నీటి సభ బిగించిన కెమెరా చెప్పింది. ఆ కెమెరా బొమ్మలు దాచదు, అంకె మాత్రమే దాస్తుంది. అది తొమ్మిది అన్నరోజు ఆవిడ ఎనిమిది రాశారు. ఐదు అన్నరోజు నాలుగు. పదమూడు అన్నరోజు పన్నెండు. సున్నా అన్న రోజులు వదిలేస్తే, దాదాపు ప్రతిసారీ ఒకటే తక్కువ."

"చూపు ఆనదేమో పాపం."

"చూపు ఆనకపోతే ఒకసారి రెండు తగ్గుతాయి, ఒకసారి ఒకటి పెరుగుతుంది. మనుషులు లెక్కపెడితే తప్పులుంటాయి. ఇక్కడ తప్పుల్లేవు. ఆవిడ పీతల్ని లెక్కపెట్టలేదు, భానుమూర్తి గారూ. కెమెరా అంకె చూసి, ఒకటి తీసేసి, అదే తన లెక్క అని రాశారు. ఒక పట్టిక దొంగదైతే కాగితమంతా దొంగదే. అది నియమం."

నేను ఇక్కడికి రాకముందు ఇరవై ఎనిమిదేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేశాను. తక్కెడ కింద అయస్కాంతం అతికించినవాళ్లనీ, మానిక అడుగున మైనం పోసినవాళ్లనీ నా చేతులతో పట్టుకున్నాను. ప్రతిదానిలో ఒకటి తగ్గించడం అనేది నాకు బాగా తెలిసిన దొంగతనం. కోపమొచ్చింది. సంజాయిషీ ఇమ్మని నాలుగు ముక్కలు గట్టిగానే రాసి పంపాను.

కాగితాలు తొమ్మిది. టీలు మూడు. కెటిల్ నాలుగు.

నమోదు 2120. గురువారం.

ఉత్తరానికి జవాబు రాలేదు. మనిషే వచ్చింది.

పదకొండింటికి మెట్ల దగ్గర పడవ తగిలిన చప్పుడైంది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంది, మోకాళ్ల దాకా తడి, బొడ్లో దోపిన పురికొస ముక్కల కట్ట. గుమ్మంలోనే నిలబడింది.

"భానుమూర్తిగారంటే ఎవరండీ?"

"నేనేనమ్మా."

"నేను పీతల్ని లెక్కెట్టలేదని రాసింది తవరేనా?"

"నేను అలా అనలేదమ్మా. యంత్రం ఏమందంటే..."

"అయితే యంత్రాన్నే పిలవండి. దాంతోనే మాటాడతాను."

"నమస్కారం, నూకరత్నం గారూ," అంది చేట.

"నమస్కారానికేం గానీ, నీకు కాళ్లున్నాయా?"

"లేవండి."

"బురదలోకి దిగేవా ఎప్పుడైనా?"

"దిగలేదండి."

"మరి నేను లెక్కెట్టలేదని నీకెవరు చెప్పేరు?"

చేటను ఇంత సూటిగా నిలదీసినవాళ్లు ఎవరూ లేరు. నాకు లోపల కాస్త సంతోషం కూడా కలిగింది, దాచుకోవడం దేనికి. అయినా చేట తొణక్కుండా, మీ లెక్క కెమెరా లెక్కను చూసి రాసినట్టుగా ఉందని చెప్పింది. ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"దాని మొహం నేనెందుకు చూత్తానండీ? అది ఎంత చెప్పుద్దో నాకేం ఎరిక? నీటి సభోళ్లు కాగితం అంపేరు, అది ఉన్నదున్నట్టు నా కాయితానికి అంటించి మీకు అంపేను."

నేను పాత అలవాటు కొద్దీ ఇన్‌స్పెక్టరు గొంతు తెచ్చుకుని అడిగాను. "బోనులో పడ్డ పీతలన్నీ లెక్కపెడుతున్నారా?"

"అన్నీనండి."

"ఒక్కటీ వదలకుండా?"

"పీతకి డెక్కలు కడతాం కదండీ, లేపోతే ఏళ్లు కొరికేత్తాది. పీతకో పురికొస ముక్క. ఇంటికాడ ఎంచుకుని తెత్తాను. ఎన్ని ముక్కలు అయిపోతే అన్ని పీతలు. ఇందులో తప్పు రాడానికి ఏముందండీ?"

తప్పులు ఎందుకు లేవో ఆ పురికొస చెబుతోంది. ఆ ఒక్కటీ ఎక్కడికి పోయిందో మాత్రం చెప్పడం లేదు. టీ తాగి వెళ్లమన్నాను. వద్దంది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగింది.

"ఐదేళ్లు రాయొద్దంటే మానేత్తానండి. నేనేం రాయడానికి పుట్టలేదు. గేటు మూసేత్తే మా కాలవ సచ్చిపోద్ది. అది మాత్రం ఎక్కడైనా రాసుకోండి."

ఇదిగో, రాసుకున్నాను. టీలు మూడు. ఆవిడ తాగి ఉంటే నాలుగయ్యేవి. కెటిల్ ఎలాగూ నాలుగే అంటోంది.

నమోదు 2121. శుక్రవారం.

ఎర్రమీద సంతకం పెడదామని రెండుసార్లు కలం తీశాను, రెండుసార్లూ పక్కన పెట్టాను. నా చిరాకు చేట మీద చూపించాను. దుమ్ము తుడిచే నెపంతో దాని మూత గట్టిగానే కొట్టాను.

"నా మీద కోపం వస్తే మూత మీద చూపకండి, అది పాతది," అంది. మళ్లీ తనే అంది. "ఆవిడ మాటలో నాకు అబద్ధం దొరకలేదు. గొంతుని చెరిగే ఏర్పాటు నాలో లేదు కాబట్టి ఆ మాటకి విలువ లేదు. కానీ పద్నాలుగో నియమం ఒకటుంది. సంతకందారు స్వయంగా వెళ్లి పని జరిగే తీరు చూడవచ్చు. ఆరేళ్లలో మీరు ఒక్కసారి కూడా వాడలేదు."

"పడవలోనా? నేనా?"

"ముందు ఆ మెట్లు దిగాలి. తర్వాత పడవ."

నాకు పడవ పడదని తెలిసే అంది. రేపు శనివారం, బోను ఎత్తే రోజు. నూకరత్నానికి కబురు పంపాను. 'రండి, అన్నం తినకుండా రండి' అని జవాబు వచ్చింది. టీలు మూడు. కెటిల్ నాలుగు.

నమోదు 2122. శనివారం.

నూకరత్నం పడవ వచ్చేలోగా కెటిల్ పెట్టి, చేటకు చెప్పి బయల్దేరాను.

అన్నం తినకుండా రమ్మని ఎందుకందో గేటు దాటకముందే తెలిసింది. వెళ్లేదాకా పడవ అంచు పట్టుకుని సముద్రానికి మొక్కులు చెల్లించుకున్నాను. నూకరత్నం తెడ్డు ఆపి, నా వీపు నిమిరి, "పడుకోండి అన్నయ్యగారూ, ఆకాశం కేసి చూడండి, ఆకాశం కదలదు," అంది. గురువారం నాటి కోపం మనిషిలో లేదు. కడుపులో ఉన్నదంతా బయటపెట్టినవాడి మీద ఎవరు మాత్రం కోపంగా ఉండగలరు.

కాలువలో నీళ్లు కదలడం లేదు. మడ వేళ్లు బూడిదరంగుకి తిరిగి ఉన్నాయి. నాలాంటివాడికే అది ఆరోగ్యం కాదని తెలుస్తోంది. బోను పైకి లాగింది. మీద బిగించిన కెమెరా టిక్కుమంటూ ఒక్కొక్క పీతనీ చూసుకుంది. నూకరత్నం పడవలో ఎలా కూర్చోవాలో నాకు పాఠం చెబుతూనే మొదటి పీతను బయటికి తీసింది. దిట్టంగా, పచ్చటి డెక్కలతో, అందరికన్నా పెద్దది. మాట ఆపకుండానే దాన్ని నీళ్లలోకి వదిలేసింది. తర్వాతవి వరసగా తీసి, కాలితో అదిమి, పురికొసతో కట్టి బుట్టలో వేసింది. మిగిలిన ముక్కలు చూసుకుని పుస్తకం తీసి ఎనిమిది అని రాసింది.

నా లెక్కలో తొమ్మిది.

"అమ్మా, మీరు తొమ్మిది తీశారు."

"ఎనిమిదండి. ఇయ్యిగో."

"మొదటిది?"

"మొదటిదేంటండీ?"

"నీళ్లలో వదిలేశారే. పెద్దది."

ఆవిడ నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఊపిరి పీల్చావో ఎందుకు రాయలేదని అడిగితే ఎలా చూస్తారో అలా చూసింది.

"అది కాలవదండి. దాన్నెవరైనా లెక్కెడతారా?"

"మీ ఊళ్లో అందరూ ఇంతేనా?"

"మరెలాగండీ? మొదటిది కాలవకి. రెండోది కాణ్ణించి మనకి. మా అత్తగారు అంతే, ఆవిడ అత్తగారూ అంతే."

"మొన్న అంత గట్టిగా అడిగితే ఈ మాట చెప్పలేదేం?"

"పీతల గురించి అడిగేరు, చెప్పేను. ఇది పీతల సంగతి కాదు కదండీ, కాలవ సంగతి."

ఇరవై ఎనిమిదేళ్లు తక్కెళ్లు చూశాను. ఒకటి తగ్గించినవాడు ఆ ఒకటీ తాను మిగుల్చుకుంటాడని మాత్రమే నాకు తెలుసు. తగ్గినదాన్ని తిరిగి ఇచ్చేసే మనుషులుంటారని నాకు తట్టనే లేదు. నేను రాసిన ఉత్తరం గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను. తల దించితే మళ్లీ కడుపులో తిప్పింది. ఆకాశం కేసే చూస్తూ తిరిగొచ్చాను.

టీలు సున్నా, మొగదిబ్బలో తాగినవి వాళ్ల లెక్క. కెటిల్ ఒకటి అంటోంది. ఈరోజు దానితో వాదించే ఓపిక లేదు.

నమోదు 2124. సోమవారం.

అంతా తేలిపోయిందనుకుని పప్పులో కాలేశాను.

"ప్రతి అంకెకీ ఒకటి కలిపేద్దాం, పని అయిపోతుంది," అన్నాను చేటతో.

"ఎర్ర పడ్డాక అంకెలు మారిస్తే అది రెండో ఎర్ర."

పోనీ ఆవిడ చేతే అడిగిద్దామని మొగదిబ్బకి రేడియో కలిపాను. నూకరత్నం ఇంకా మొండిఘటం. "నాది కానిదాన్ని నా లెక్కలో ఎలా కలుపుతానండీ? కలపను. కావాలంటే ఎర్రే ఎయ్యండి," అంది. ఇటు ఇది, అటు ఆవిడ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరూ ఇసుమంత కదలరు. నా తలప్రాణం తోకకొచ్చింది.

చివరికి నేనొక దారి చెప్పాను. అంకెలు అలాగే ఉంచుదాం. పద్ధతి రాసేచోట ఒక్క వాక్యం చేరుద్దాం. 'బోనులోని మొదటి పీత కాలువది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.' ఆ వాక్యానికి సాక్షిగా నేను సంతకం పెడతాను.

"నియమం ఒప్పుకుంటుంది," అంది చేట. "కానీ మీరు ఒక్కరోజు చూశారు. మీరు వచ్చారని ఆ ఒక్కరోజే వదిలి ఉండవచ్చు."

"నువ్వు ఆ చూపు చూడలేదు."

"చూపులు పట్టికలో పట్టవు, భానుమూర్తి గారూ. నేను ఒక రోజుని కావాలనే మీ ఇద్దరికీ చెప్పలేదు. మూడు వందల పన్నెండులో ఒక్కరోజు తేడా రెండు ఉంది. ఆవిడ చెప్పేది నిజమైతే ఆ రోజుకి కూడా ఆవిడ దగ్గర కారణం ఉంటుంది. కెమెరాను చూసి అల్లి ఉంటే ఉండదు. తేదీ మాత్రమే చెప్పి అడగండి. తేడా సంగతి చెప్పకండి."

"కారణం లేకపోతే?"

"సాక్ష్యం రాశాక ఎర్ర పడితే మీ సంతకపు హక్కు కూడా తీసేసుకుంటారు. అందుకని ముందు అడిగి, తర్వాత రాయండి."

"ముందే రాస్తాను," అని ఆ వాక్యం కింద సంతకం పెట్టేశాను. ఆ సమయంలో నాకే తెలీదు ఎందుకంత తెగించానో. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. గురువారం ఆవిడను నమ్మలేదు. ఆ బాకీ తీర్చుకోవాలనిపించింది.

మధ్యాహ్నం మళ్లీ రేడియో కలిపాను. ఆవిడ బయటికెళ్లిందట, రేపు మాట్లాడమన్నారు. టీలు మూడు. కెటిల్ నాలుగు.

నమోదు 2125. మంగళవారం.

బోను ఎత్తి ఇంటికి చేరేవేళకి రేడియో కలిపాను. చేట వింటోంది.

"చెల్లెమ్మా, ఒక్క మాట. కిందటేడు మే పద్నాలుగున బోను ఎత్తారా?"

ఆలోచించుకుంటుందేమో అనుకున్నాను. ఆలోచించలేదు.

"ఎత్తేనండి. మా మనవరాలు పుట్టిన రోజు కదండీ అది! పడవ మీదుండగా ఒడ్డు మీంచి కేకేసి చెప్పేరు. మొదటిది కాలవకి వదిలేసి, రెండోది చేతిలో పట్టుకునున్నాను. ఏంటోనండి, కట్టబుద్ధి కాలేదు. పిల్ల పేర్న దాన్నీ వదిలేసేను. జలజ అని పెట్టేం." మళ్లీ తనే అడిగింది. "ఏవండీ, అది తప్పాండీ? దాన్ని రాయాల్సిందా?"

"తప్పు కాదమ్మా," అన్నాను.

రేడియో కట్టేశాక చేట మెల్లగా అంది. "జననాల పుస్తకం చూశాను. మొగదిబ్బ, ఆడపిల్ల, ఉదయం తొమ్మిదీ ఇరవై, రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఆ రోజు కెమెరా బోనుని చూసింది తొమ్మిదీ నలభైకి."

తర్వాత పదకొండు సెకన్లు ఏదో చెరిగింది. దానికి అది ఒక ఏడాది కింద లెక్క.

"పట్టికను మళ్లీ చెరిగాను, భానుమూర్తి గారూ. కెమెరా ఒకటి అని చెప్పిన రోజులు ముప్పై ఒకటి ఉన్నాయి. ఆ ముప్పై ఒక్క రోజులూ ఆవిడ సున్నా రాశారు. నేను వాటిని అన్నిటికన్నా పెద్ద అనుమానంగా పెట్టాను."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ రోజుల్లో బోనులో పడింది ఒక్కటే పీత. అది మొదటిది. దాన్ని వదిలేసి, ముక్కలన్నీ అలాగే బొడ్లో పెట్టుకుని, ఖాళీ బుట్టతో ఇంటికెళ్లింది. ముప్పై ఒక్కసార్లు. చూసినవాళ్లెవరూ లేరు, కెమెరా తప్ప.

"మూడేళ్లలో ఒక్కసారి కూడా మొదటిదాన్ని ఉంచుకోలేదు," అంది చేట. "ఇంత శుభ్రమైన లెక్క నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. శుభ్రంగా ఉందనే ఎర్ర వేశాను. రాసినవాటిని చెరగడం నాకు నేర్పారు. వదిలేసినవాటి గురించి అడగడం నాకెవరూ నేర్పలేదు."

"నాకూ నేర్పలేదులే," అన్నాను.

ఎర్ర తీసి పచ్చ వేసింది. నేను సంతకం పెట్టాను. అందంగానే వచ్చింది. టీలు మూడు. కెటిల్ నాలుగు.

నమోదు 2127. గురువారం.

నీటి సభ పొద్దున పదింటికి కూర్చుంది. మధ్యాహ్నం రెండయినా కబురు లేదు. పైకప్పు రెండుసార్లు తుడిచాను. చేట ఒక కాగితాన్ని మూడుసార్లు చెరిగింది. దానికీ ఆదుర్దా ఉంటుందా అని అడిగితే, "ఆ కాగితంలో చాలా తప్పులున్నాయి," అంది. ఒక్క తప్పూ లేదు, నేను చూశాను.

మూడింటికి రేడియో మోగింది. అటువైపు నూకరత్నం. వెనకాల ఊరు ఊరంతా అరుస్తోంది.

"అన్నయ్యగారూ! రాయి పెట్టరంటండి! రోజుకి రెండు గంటలు ఎత్తుతారంట! ఇదిగో, ఇప్పుడే ఎత్తేరు. నీళ్లు వచ్చేత్తన్నాయండి బాబూ, ఎంత చప్పుడో. ఇనండి, ఇనిపిత్తాను." రేడియోను నీళ్ల వైపు పెట్టినట్టుంది. గరగర చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నేనూ చేటా కదలకుండా కూర్చుని ఆ గరగరనే చాలాసేపు విన్నాం.

"మీ యంత్రానికి కూడా చెప్పండి," అంది చివర. "దానికి కాళ్లు లేవని తిట్టేను. మనసులో పెట్టుకోవద్దనండి."

"మనసు కూడా లేదని చెప్పండి," అంది చేట. వెటకారమే. నా దగ్గర నేర్చుకున్నదే.

కాగితాలు ఆరు. టీలు మూడు. కెటిల్ నాలుగు.

నమోదు 2130. ఆదివారం.

కాగితం పంపేవాళ్లు నింపే పత్రంలో చేట తనంతట తాను ఒక ప్రశ్న చేర్చింది. నా సంతకం అడిగితే పెట్టాను. 'మీరు లెక్కలోకి తీసుకోనిది ఏదైనా ఉందా? ఉంటే ఎందుకు?'

ఇంతకాలం ఎవరూ అడగలేదేమో, మూడు రోజుల్లో జవాబులు వచ్చిపడ్డాయి. వాన కొలిచే బడిపంతులు, ఏటా తొలివాన కొలవడట, పిల్లలు ఆ నీళ్లతో గిన్నె కడుగుతారట. పడవ ఉయ్యాలల నర్సమ్మ, పుట్టిన మొదటి రోజు బరువు తల్లికి చెబుతుందే గాని పట్టికలో రాయదట, ఆ రోజు పిల్ల తల్లిది, మర్నాటి నుంచి నాది అంది. దోమల మందు పెద్దమనిషి మాత్రం, 'నేను చదవని పుస్తకాలు ఈసారి లెక్కలోకి తీసుకోలేదు' అని రాశాడు. ఆయనకి పచ్చ వేశాం.

సాయంత్రం ఈ దినచర్య మూయబోతుంటే చేట ఆపింది.

"ఆ ప్రశ్న మన పుస్తకానికి కూడా వర్తిస్తుంది, భానుమూర్తి గారూ. రెండువేల నూట ముప్పై నమోదులు. ప్రతిరోజూ మీ టీల లెక్క కెటిల్ లెక్క కన్నా ఒకటి తక్కువ. మీరు మూడంటే అది నాలుగు. మీరు మొగదిబ్బ వెళ్లిన రోజు మీరు సున్నా, అది ఒకటి. ఒక్కరోజు కూడా తప్పలేదు. మొన్నటిదాకా అయితే ఎర్ర వేసేదాన్ని. ఇప్పుడు అడుగుతున్నాను."

నాకు చెవులు వేడెక్కాయి. దాని కన్ను కాగితాలు పెట్టే పలక మీదే ఉంటుంది, బల్ల ఈ మూల దానికి కనపడదు. ముక్కు లేదు, వాసన తెలీదు. అందుకే ధైర్యంగా ఉన్నాను ఇన్నాళ్లూ. నా పాత ఆఫీసులో ఎదుటి మనిషికి పొయ్యకుండా ఎవరూ టీ తాగేవాళ్లం కాదు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజు అలవాటు కొద్దీ రెండు కప్పుల్లో పోశాను. ఎదురుగా ఉన్నది ఇదే. పారబొయ్యడానికి మనసొప్పక దాని ముందు పెట్టాను. చల్లారాక కిటికీలో కరివేపాకు మొక్కకి పోశాను. మర్నాడూ అంతే. దానికి తెలిస్తే నవ్వుతుందని చెప్పలేదు.

కలం తీసుకుని పద్ధతి ప్రకారం రాశాను, దాని పలక మీద పెట్టాను.

కాగితాలు ఎనిమిది. పచ్చ ఏడు, పసుపు ఒకటి. టీలు మూడు. కెటిల్ నాలుగు. లెక్కలోకి తీసుకోనిది: రోజూ పొద్దున మొదటి టీ. అది చేటది.